బాపు చూసిన మాట

మా ఇంట్లో గుసగుసలకు చోటు లేదు. గొంతు తగ్గిస్తే బాపుకు, అంటే మా నాన్నకు, వినబడదు. ఆయన ముఖం మన వైపు ఉంటే గొంతు తగ్గించినా లాభం లేదు, పెదవులు చూసి పట్టేస్తాడు. అందుకని ఏదైనా దాచుకునే మాట ఉంటే నేనూ అమ్మా ఆయనకు వీపు తిప్పి, గోడ వైపు తిరిగి కూర్చుని మాట్లాడుకునేవాళ్లం. ఇద్దరం అలా గోడకు ముఖం పెట్టామంటే ఆయనకు అర్థమైపోయేది. "ఏందో నడుస్తుంది ఆడ" అని నవ్వేవాడు. ఆ నవ్వు సందు చివరి కిరాణా కొట్టు దాకా వినబడేది.

బాపు సిరిసిల్లలో మరమగ్గాల కార్మికుడు. మరమగ్గాన్ని మా దగ్గర సాంచ అంటారు. ఒక్క సాంచ నడుస్తుంటేనే పక్కన నిలబడ్డ మనిషి మాట అందదు. అలాంటివి ముప్ఫై నలభై ఒకే రేకుల షెడ్డులో పొద్దున్నుంచి కొట్టుకుంటుంటే ఇక చెవులతో పనే ఉండదు. అక్కడి వాళ్లు పెదవులు చూసి మాట్లాడుకుంటారు. గొంతు వాడరు, వాడినా దండగ. ఈ చివరి మనిషి చెయ్యి ఊపి "చాయ్ తాగుదామా" అని పెదవులు కదిపితే, ఆ చివరి మనిషి "ఆగు, పోగు తెగింది" అని అక్కణ్నుంచే చెప్తాడు. దీన్ని ఎవరూ ఎవరికీ కూర్చోబెట్టి నేర్పరు. ఏడాది అక్కడ పనిచేస్తే వచ్చేస్తుంది.

నాకు పనిచేయకుండానే వచ్చింది. సాయంత్రం బడి నుంచి రాగానే బాపుకు చాయ్ పట్టుకుపోయేదాన్ని. షెడ్డు గడప మీద కూర్చుని ఆ రోజు బడిలో జరిగిందంతా చెప్పేదాన్ని. ఎవరు ఎవరితో కొట్లాడారో, టీచరు ఎవరి చెవి మెలిపెట్టిందో, అంతా గొంతు లేకుండానే. ఆయన తన ఎనిమిది సాంచల మధ్య తిరుగుతూ, తెగిన పోగు ముడేస్తూ, మధ్యలో తలెత్తి "మరి నువ్వేమన్నవ్" అని అడిగేవాడు. నేను కొంచెం కల్పించి చెప్తే కనిపెట్టి వేలు చూపించేవాడు. అంత మోతలో మేమిద్దరం ఎంత తీరిగ్గా మాట్లాడుకునేవాళ్లమో తలుచుకుంటే ఇప్పటికీ సంతోషంగా ఉంటుంది.

ఇదంతా షెడ్డు లోపలి సంగతి. బయటికొస్తే కథ వేరు. ఇరవై ఏళ్లు ఆ మోత కింద నిలబడ్డ మనిషికి చెవులు మందగించాయి, గొంతు పెరిగింది. తాను మామూలుగానే మాట్లాడుతున్నానని ఆయన నమ్మకం. ఆ మామూలు మాటకు బస్సులో ముందు సీట్లవాళ్లు వెనక్కి తిరిగి చూసేవాళ్లు. చిన్నప్పుడు నాకు అదొక లెక్కే కాదు. మా వీధిలో అందరి నాన్నలూ అలాగే అరిచేవాళ్లు, లోకంలో నాన్నలంటే అలాగే ఉంటారనుకున్నాను.

పదో తరగతి అయ్యాక నన్ను జగిత్యాలలో ఇంటర్‌లో చేర్పించారు. కాలేజీకి ఆనుకుని అమ్మాయిల హాస్టల్. అక్కడి పిల్లల నాన్నల్లో కొందరు టీచర్లు, కొందరికి పసుపు వ్యాపారం. వాళ్లు వచ్చినప్పుడు గేటు దగ్గర నిలబడి, ఫోనులో మాట్లాడినంత మెల్లగా మాట్లాడి వెళ్లిపోయేవాళ్లు. పిల్లలు వాళ్లను డాడీ అనేవాళ్లు. పదిహేను రోజుల్లో నేనూ డాడీ అనడం మొదలుపెట్టాను. ఫోనులో మొదటిసారి "హలో డాడీ" అంటే బాపు "రాంగ్ నంబర్" అని పెట్టేశాడు. నవ్వాల్సిన విషయం. నేను నవ్వలేదు, ఒళ్లు మండింది.

అక్కడ నాకు దొరికిన మనిషి నా గదిలో ఉండే కోరుట్ల పిల్ల. వాళ్లు ముసల్మానులు. ఇంట్లో ఉర్దూ, మాతో నాకంటే మంచి తెలుగు. మొదటి రోజు ఆమె బ్యాగు తెరవగానే బట్టల్లోంచి తంబాకు వాసన వచ్చింది. నా బట్టల వాసన కూడా అదే. వాళ్లమ్మా బీడీలు చేస్తుంది, మా అమ్మా బీడీలు చేస్తుంది. మిగతా పిల్లలు ముక్కు మూసుకుంటే మేమిద్దరం ఒకరినొకరు చూసుకుని నవ్వుకున్నాం. ఆ నవ్వుతో కలిసిపోయాం. వాళ్ల నాన్న ఆమె రెండో తరగతిలో ఉన్నప్పుడు గల్ఫ్‌కు వెళ్లి, రెండు మూడేళ్లకోసారి వచ్చిపోతున్నాడు.

ఇక నా మాటలన్నీ ఆమెకే. గణితం అర్థం కావడం లేదన్న భయం, నచ్చని లెక్చరర్, నేను నల్లగా ఉన్నానన్న దిగులు, అన్నీ ఆమె దగ్గరే. బాపు రోజూ ఫోను చేసేవాడు.

"తిన్నవా బిడ్డా?"

"ఆఁ."

"మంచిగున్నవా?"

"ఆఁ."

ఫోను చెవికి అరచెయ్యి దూరంలో పట్టుకునేదాన్ని, లేకపోతే చెవులు గింగురుమనేవి. గదిలో మిగతా ముగ్గురికీ ఆ మాటలు అందేవి. షెడ్డు గడప మీద గంటసేపు ఊపిరి తీసుకోకుండా మాట్లాడిన పిల్ల రెండు "ఆఁ"లకు దిగిపోయింది. దానికి బాపు చేసిన తప్పేమీ లేదు. పదహారేళ్ల వయసుకు కారణాలు అక్కర్లేదు.

ఆదివారాలు తల్లిదండ్రులు రావచ్చు. మగవాళ్లు గేటు దాటకూడదు. గేటుకూ హాస్టల్‌కూ మధ్య ఆటల మైదానం ఉంటుంది. ఒక ఆదివారానికి నాలుగైదు రోజుల ముందు నేను అమ్మకు ఫోనులో కడుపునొప్పిగా ఉందని చెప్పాను. నెలనెలా వచ్చేదే. అది అమ్మకు మాత్రమే చెప్పిన మాట. ఆ ఆదివారం ముసురు పట్టి ఉంది. బాపు గొడుగేసుకుని గేటు దగ్గర నిలబడ్డాడు. నేను పై అంతస్తు వరండాలోకి రాగానే నన్ను చూసి, మైదానం అవతలి నుంచే మొదలుపెట్టాడు.

"కడుపు నొస్తుందన్నవట బిడ్డా, తక్కువైందా? మీ అమ్మ మెంతులిచ్చింది. పొద్దుగాల నీళ్లల్ల ఏసుకొని తాగాల్నట."

వరండాలో ఇరవై మంది ఉన్నారు. కింద గేటు దగ్గర నలుగురు నాన్నలు ఉన్నారు, వాచ్‌మన్ ఉన్నాడు. తల కొట్టేసినట్టయింది. కిందికి పరిగెత్తి ఆయన చేతిలోంచి సర్వపిండి డబ్బా, మెంతుల పొట్లం లాక్కున్నాను. "సరే డాడీ, మీరు పోండి, బస్సుకు లేటయితది" అన్నాను. మా ఇంట్లో ఎవరూ బాపును మీరు అనరు. ఆయన వింతగా చూసి, "పోతగని, తిన్నవా?" అన్నాడు. జవాబు చెప్పకుండా పైకొచ్చేశాను.

ఆయనకో అలవాటు ఉంది. వెళ్లిపొమ్మన్నా వెళ్లడు. నేను పైకెక్కి మళ్లీ వరండాలో కనబడేదాకా అక్కడే ఉండి, ఒకసారి చెయ్యి ఊపి అప్పుడు కదులుతాడు. ఆ రోజూ అలాగే గొడుగు కింద నిలబడి ఉన్నాడు. వెనక పిల్లలు "మెంతులు, మెంతులు" అని సన్నగా రాగం తీస్తున్నారు. కోరుట్ల పిల్ల నా పక్కకొచ్చి నిలబడింది. నేను బాపు వైపు చూస్తూ, నవ్వు ముఖం పెట్టి, చెయ్యి ఊపుతూ, ఆమెకు మాత్రమే వినబడేంత మెల్లగా ఒక మాట అన్నాను.

"ఈయన రాకుంటే మంచిగుండు. అందరి ముంగట ఇజ్జత్ తీస్తడు."

బాపు చెయ్యి సగం లేచి ఆగింది. తర్వాత గొడుగును ముందుకు వంచాడు. ఆయన ముఖం గొడుగు చాటుకు పోయింది. అలాగే వెనక్కి తిరిగి బస్టాండు వైపు నడిచాడు. గాలివాన పెరిగిందేమో అనుకున్నాను. నాకంతే తట్టింది.

తర్వాతి ఆదివారం అమ్మ వచ్చింది. "బాపుకు పని ఎక్కువుంది" అంది. నిజం చెప్తున్నా, నాకు హాయిగా అనిపించింది. ఆ తర్వాతి ఆదివారం కూడా అమ్మే వచ్చింది. ఫోను కూడా అమ్మే చేస్తోంది. "బాపుకిస్తవా" అని ఒకసారి అడిగితే, వెనక నుంచి ఆయన గొంతు వినబడింది, "నువ్వే మాట్లాడు" అని. చిన్నగా అనాలని అన్న మాట, నాకు స్పష్టంగా అందింది. అప్పటికీ అర్థం కాలేదు. తెలివిగలదాన్నని ఇంటర్‌లో చేర్పించారు మరి.

రెండో శనివారం సెలవుకు ఇంట్లో చెప్పి, కోరుట్లకు మా దోస్తుతో పాటు వాళ్లింటికి వెళ్లాను. రెండు గదుల ఇల్లు. వాళ్లమ్మ బీడీల చాట పక్కకు పెట్టి మాకు ఖట్టీ దాల్, అన్నం వడ్డించింది. ఆదివారం మధ్యాహ్నం గల్ఫ్ నుంచి ఫోను వచ్చే వేళ. తల్లీ బిడ్డలు తలలు దువ్వుకుని, ఫోనును బియ్యం డబ్బాకు ఆనించి ముందు కూర్చున్నారు. నేను వెనక కూర్చున్నాను. వాళ్ల నాన్న ముఖం వచ్చింది. గడ్డం కొంచెం నెరిసిన సన్నటి మనిషి. పెదవులు కదులుతున్నాయి, మాట మాత్రం రావడం లేదు.

"ఎప్పుడు గిట్లనే అయితది. బొమ్మ వస్తది, మాట రాదు" అంది మా దోస్తు. "హలో అబ్బా, హలో" అని రెండు మూడుసార్లు పిలిచింది. ఆయన అక్కడ మాట్లాడుతూనే ఉన్నాడు, ఇక్కడ వినబడడం లేదని ఆయనకు తెలియదు. నేను వెనక నుంచి ఆ పెదవులు చూశాను. వాళ్ల ఉర్దూ నాకు అంతగా రాదు. కానీ ఆ ఒక్క ముక్క ఎవరికైనా వస్తుంది.

"ఖానా ఖాయీ బేటీ అంటుండు. తిన్నవా అని అడుగుతుండు" అన్నాను.

ఇద్దరూ నా వైపు తిరిగారు. మా దోస్తు అన్నం తిన్నట్టు చేత్తో సైగ చేసి చూపించగానే అక్కడ ఆయన ముఖం విప్పారింది. తలూపి నవ్వాడు. ఆ తర్వాత లైను పూర్తిగా పోయింది. వాళ్లమ్మ కొంగుతో కళ్లొత్తుకుని నా తల నిమిరింది.

"నీకెట్ల తెలిసిందే?" అని అడిగింది మా దోస్తు.

నేను గొప్పకు పోయాను. "మా సాంచల కాడ అందరికి వస్తదిది. నాదేముంది, మా బాపును చూడాలె. రోడ్డవతల నిలవడ్డ మనిషి ఏమంటుండో గూడ..."

అక్కడ నా నోరు ఆగిపోయింది. వంగిన గొడుగు కళ్ల ముందు కనబడింది. మా ఇంట్లో ఎవరైనా మాట దాచాలంటే ముఖం తిప్పుకుంటాం. బాపు నా నుంచి ఏ మాటా దాచుకోలేదు, ఇంకో మాట చూడలేక ముఖం కప్పుకున్నాడు. పుట్టినప్పటి నుంచి ఆయన ముందు పెదవులు కదిపిన దాన్ని, ఆయన ముఖానికి ముఖం పెట్టి ఆ మాట అన్నాను. జగిత్యాలలో అందరికీ గొంతు తగ్గిస్తే చాలు. మా ఇంటి మనుషులకు అది చాలదని మరిచిపోయేంతగా నేను ఆ ఊరి దాన్నైపోయాను.

ఏడుపు ఆగలేదు. మా దోస్తుకు అంతా చెప్పాను. ఆమె ఓదార్చలేదు. "నేను ఆ దినమే అనుకున్న, మీ బాపు ముఖం మారిందని. నువ్వు నవ్వుకుంట చెయ్యి ఊపినవు గదా, నాకే గట్ల అనిపించిందనుకున్న" అంది. మళ్లీ తనే అంది. "మీ బాపు మాట హాస్టలంత వింటదని నీకు సిగ్గు. మా అబ్బా మాట నాకొక్కదానికి వినవడితే సాలు అనుకుంట నేను."

ఆ మాటకు ఆమె మీద కోపమొచ్చింది. కోపం రావడానికి కారణం ఆ మాట నిజం కావడమే.

సోమవారం ఆమె జగిత్యాల బస్సెక్కింది, నాకు జ్వరమని హాస్టల్‌లో చెప్పే పూచీ తీసుకుని. నేను వేములవాడ బస్సెక్కాను. సోమవారం కాబట్టి బస్సు నిండా రాజన్న దర్శనానికి పోయే జనం. గుడిలో కోడెను కట్టే మొక్కున్నవాళ్ల మధ్య, ఒకరి కొబ్బరికాయల సంచి నా కాళ్ల మీద, దారంతా నిలబడే వెళ్లాను. ఆయనకు ఏం చెప్పాలో పదిసార్లు వరుస పెట్టుకున్నాను. వేములవాడలో బస్సు మారి సిరిసిల్లలో దిగేసరికి ఒక్కటీ గుర్తు లేదు. ఇంటికి పోకుండా నేరుగా షెడ్డుకు వెళ్లాను.

అన్ని సాంచలూ నడుస్తున్నాయి. బాపు ఆ చివర వంగి పోగు చూసుకుంటున్నాడు. నేను గడప మీద నిలబడి చెయ్యి ఊపాను. ఆయన తలెత్తాడు. "ఏమైంది? కాలేజీ లేదా?" అని పెదవులు కదిపాడు. కంగారు పడ్డాడు.

"ఏం కాలే. ఆ దినం నేనన్న మాట నువ్వు చూసినవా?" అన్నాను.

"ఏ మాట?"

తెలిసీ అడుగుతున్నాడు. ఆ మాట మళ్లీ చెప్పాల్సి వచ్చింది, అది కూడా ఆయన ముఖం చూస్తూ. చెప్పాను. తప్పయిందన్నాను. నువ్వు రావాలె అన్నాను. ఇంకా ఏమేమో అన్నాను, ఏడుస్తుంటే పెదవులు వంకరపోతాయి, ఎంతవరకు చదివాడో తెలియదు. నేను మరిచిన ఇంకో సంగతి ఏమిటంటే, ఆ షెడ్డులో పెదవులు చదవడం వచ్చినవాడు బాపు ఒక్కడే కాదు. చుట్టూ ఉన్న నలుగురు కార్మికులు పోగులు వదిలేసి నా ముఖమే చూస్తున్నారు. పక్క సాంచల ముసలాయన, నేను తాత అని పిలిచే మనిషి, బాపు భుజం తట్టి, "పోరి ఏడుస్తుంది, పోరాదు" అని పెదవులు కదిపాడు. తర్వాత నా వైపు తిరిగి, "నా బిడ్డ నన్ను ఇంతకన్నా ఎక్కువన్నది, ఊకో" అన్నాడు. గుట్టుగా చెప్పుకుందామని వచ్చిన తప్పు షెడ్డంతటికీ చెప్పుకున్నట్టయింది.

బాపు చేతులు తుడుచుకుంటూ నా దాకా వచ్చాడు. "నేనేం చూడలే బిడ్డా. ఆ దినం ఎండ కండ్లల్ల కొట్టింది" అన్నాడు.

ఆ రోజు ముసురు. ఆయన చేతిలో గొడుగు ఉంది.

"ఐతారం వస్తవా?" అని అడిగాను.

"చూస్త. ఇంటికి పో, అమ్మ ఉంది, తిను" అని వెనక్కి తిరిగి తన సాంచల మధ్యకు వెళ్లిపోయాడు. కోపం లేదు. కానీ వస్తానని అనలేదు. మర్నాడు హాస్టల్‌కు తిరిగొచ్చాక కూడా వారమంతా ఆ "చూస్త" నన్ను పీకింది.

ఆదివారం పొద్దున్నుంచి వరండా వదల్లేదు. మా దోస్తు నాతోనే నిలబడింది. పదకొండు గంటలప్పుడు గేటు అవతల ఆయన కనబడ్డాడు. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా వేసుకున్నాడు. పండగలకు తప్ప అది బయటికి రాదు. గేటు దగ్గర మిగతా నాన్నలు ఉన్నారని కాబోలు, వాళ్లకు కొంచెం ఎడంగా గోడ పక్కన నిలబడ్డాడు. పిలవలేదు. నేను చూసేదాకా ఆగి, చెయ్యి కొద్దిగా ఎత్తాడు. తర్వాత గొంతు లేకుండా, షెడ్డులో మాట్లాడినట్టు, పెదవులు మాత్రం కదిపాడు.

"తిన్నవా బిడ్డా?"

మైదానమంతా నిశ్శబ్దంగా ఉంది. ఒక్క సాంచ లేదు. అంత నిశ్శబ్దంలో ఆయన నా కోసం గొంతు దాచుకుని నిలబడ్డాడు. మా దోస్తు నన్ను మోచేత్తో పొడవలేదు. కానీ ఆమె నా వైపు చూస్తోందని తెలుస్తూనే ఉంది.

వరండా గ్రిల్లు పట్టుకుని, ఊపిరి నిండా తీసుకుని అరిచాను.

"తిన్న బాపూ. నువ్వు తిన్నవా?"

నా గొంతు అచ్చం ఆయన గొంతే అని నాకు ఆ రోజే తెలిసింది. గదుల్లోంచి పిల్లలు బయటికొచ్చారు. కింద నాన్నలందరూ తలెత్తి పైకి చూశారు. బాపు కదలకుండా నిలబడ్డాడు. తర్వాత చెయ్యి చెవి వెనక పెట్టుకుని, వినబడలేదు, మళ్లీ చెప్పు అన్నట్టు తలూపాడు.

రోడ్డవతలి నుంచి పెదవులు చదివే మనిషికి ఆ మాట మొదటిసారే అందింది. మళ్లీ చెప్పించుకున్నది పక్కన నిలబడ్డ వాళ్ల కోసం. నేను ఇంకా గట్టిగా చెప్పాను.

అప్పుడు నవ్వాడు. గోడ పక్కనుంచి గేటు మధ్యకు వచ్చి, తన మామూలు గొంతుతో, మైదానం దాటి, రెండంతస్తులకూ వినబడేట్టు అడిగాడు.

"మెంతులు తాగుతున్నవా?"

వరండా అంతా నవ్వింది. మా దోస్తు కూడా నవ్వింది.

"తాగుతున్న బాపూ" అన్నాను.